తవిటమ్మ కాయితం

గుణుపురం సంతకి ఆనుకుని నా బల్ల.
ఒడియాలోంచి తెలుగులోకి, తెలుగులోంచి ఒడియాలోకి
మాటలు మోసి బతుకుతాను,
పేజీకి ఇరవై.
ఆవేళ బల్ల మూసేసి
పాఢీబాబు బండి వెనక కూర్చున్నాను,
కురుమగూడ కొండవాలుకి,
బిడ్డిక తవిటమ్మ పసుపుచేను చూడ్డానికి.

ఆయన ప్రభుత్వం పంపిన మనిషి.
సంచిలో పదకొండు పేజీల ఫారం,
మందు పడని నేల అని
రాసివ్వడానికి.

మొదటి గడి: ఎప్పట్నుంచి సేంద్రియం?
ఆ మాటకి తెలుగు వెతికాను,
అదీ తెలుగేనని తెలిసి కూడా.
"మందెయ్యకుండా ఎన్నేళ్ళు, పిన్నీ?"
చేట దించి చేతులు దులుపుకుంది.
"ఎయ్యడం ఎప్పుడు మొదలెట్టినామో అడుగు బావూ,
దానికైతే లెక్కుంది."
పాఢీబాబు పెన్ను గాల్లో ఆగింది.
గడి చిన్నది.

గట్టుకి అవతల ఎవరు?
"మా ఆడబిడ్డ. ఆంధ్రా."
అక్కడ వేరే రాష్ట్రం, వేరే ముద్ర,
పత్తి.
వారానికోసారి పంపు భుజానికెత్తి
తెల్లటి పొగలో నడుస్తుంది ఆడబిడ్డ,
నోటికి కొంగు కట్టుకుని.
మధ్యలో ఎనిమిది మీటర్లు వదలాలన్నాడు బాబు.
టేపు ఒక కొస నేను పట్టాను,
ఇంకో కొస ఆమె మనవడు.
ఎనిమిది మీటర్లంటే
ఇరవై వరసల పసుపు.
ఆమె వరసలు లెక్కపెట్టింది, మీటర్లు కాదు.
"గాలికి కూడా రాసిస్తారేటి,
అటే ఉండిపొమ్మని?"
ఆ మాట నేను ఒడియాలోకి మార్చలేదు.
పాఢీబాబుకి తెలుగొచ్చని
తిరిగొచ్చేటప్పుడు తెలిసింది.

విత్తనం ఎక్కడ దాస్తారో చూడాలన్నాడు.
లోపల చీకటి, వేపాకు వాసన,
మూతికి పేడ మెత్తిన కుండలు.
వాటిపైన గోడకి
అద్దం బిగించిన కాయితం ఒకటి.
ఆమె మొగుడి పేరు.
యూరియా ప్రదర్శన క్షేత్రం,
బ్లాకులో మొదటి దిగుబడి.
తారీఖు పాతికేళ్ళ కిందటిది.
కింద అదే శాఖ. అదే ముద్ర.

"బస్తాలు ఊరికే ఇచ్చినారు.
జీపులో తెచ్చి గుమ్మంలో దించినారు.
మా మామ వద్దంటే
ఎనకబడిపోతావన్నారు.
మూడేళ్ళేసినాం.
నాలుగో ఏడు దున్నుతుంటే
నాగలి ఎనక ఒక్క కొంగ రానేదు.
తినడానికేటుందని వస్తాది?
ఒగ్గేసినాం."
కోపంగా కాదు,
పోయినేటి వాన గురించి చెప్పినట్టు చెప్పింది.
పాఢీబాబు కళ్ళద్దాలు తీసి తుడిచాడు.
ఫారం అంతా తిరగేశాడు.
దీనికి గడి లేదు.

నాలుగు నెలలకి కాయితం వచ్చింది.
సంతరోజు నా బల్ల దగ్గర నిలబడి
చదవమంది.
మార్పిడిలో ఉన్న భూమి, మొదటి ఏడు.
ఇంకా రెండేళ్ళు చూసి
అప్పుడు పూర్తిగా నమ్ముతారట.
"నా పేరు సరిగ్గా రాసినారా?"
తబిటమ్మ, అని ఉంది.
ఒడియాలో మన 'వ' అంతే, 'బ' అయిపోతుంది.
నవ్వింది.
ముందు పుట్టినోళ్ళు దక్కక
పొరుగింటికి అమ్మేసి
తవుడు పోసి తిరిగి కొనుక్కుంది ఆమె తల్లి.
"తవుడికొచ్చినదాన్ని
తబుడంటే మాత్రం పోయేదేటి?"

ఎదురుగా పసుపు షావుకారు కొమ్ము విరిచి
ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
కాయితం చూపిస్తే
వెనక్కి తిప్పి చూసి ఇచ్చేశాడు.
ధర నిన్నటిదే.

పాత అద్దం మేకులు ఊడదీసి
దాంట్లోనే పెడతానంది.
మొగుడిది తీసేస్తావా అన్నాను.
"దానికేటి? ఎనకాల అట్టలా ఉంటాది.
ఇది పల్సన, వంగిపోతాది."

కొంగుముడి విప్పి ఇరవై ఇచ్చింది.
వద్దనాలనే అనుకున్నాను.
తీసుకున్నాను.
నోటు అంచున పసుపు.