ముద్ర గోడ దిక్కు

మూడొద్దులాయె కరెంటు పోయి.
ఏరు బీచుపల్లి కాడ ఎంతెత్తున్నదో చెప్పెటోడు లేడు,
గద్వాల బాట తెగింది, ఫోన్ల సిగ్నల్ లేదు.

గ్యాసు బండకు గొలుసెయ్యిమన్నది అత్త జములమ్మ.
ఏసిన.
కారంపొడి పాత సాక్సుల పోసి
తలుపెనక మొలకు తగిలించిన.
రోకలి మా ఆయన తలాపున.
పిల్లకు నేర్పినం, ఎవరు పిలిచినా
మూడోసారి దాక పలకొద్దని.

కాగు, బిందెలు, ఆఖరుకు పెండ్లినాటి గంగాళం గూడ
తాగే నీళ్లతోని నింపినం.
పుస్తెలతాడు జొన్నల డబ్బ అడుగుకు పోయింది.
చెయ్యి మాత్రం ఊకె మెడ తడుముకుంటది.

ఉసేనప్ప ఇంటికొక ఈల పంచిండు:
ఒక్కసారి ఊదితె దొంగ,
రెండుసార్లు ఊదితె నీళ్లు.

దీపం చిన్నగ జేసి
అత్త గడపకడ్డంగ చాప పరుసుకున్నది.
"ఎసొంటోళ్లొస్తరో బిడ్డా,
ఇప్పుడు మనుషులు మనుషులు కాదు."

నేను మూలకున్న బస్తా దిక్కు చూసిన.
మొన్న రేషన్ దుకాణం రేకు ఊడబెరికిన్నాడు
ఒక కొస నేను పట్టిన, ఒక కొస అత్త.
సర్కారు ముద్ర గోడ దిక్కు తిప్పి పెట్టినం.
దుకాణపామె మాణిక్కమ్మ అడ్డం రాలే.
ఒక్కొక్కరి మొఖం చూసుకుంట నిలవడ్డది.

నడిజాముల తలుపు సప్పుడు.
మెల్లగ.
పిల్ల ఏళ్లు మడుస్తుంది: ఒకటి.
రోకలి లేసింది, సాక్సు మొల దిగింది.
రెండు.

"వదినె, ఒక్క శేరు బియ్యం బదులిస్తవా,
పొయ్యి ముట్టియ్యక నిన్నటికెళ్లి..."

మాణిక్కమ్మ గొంతు.
అత్త నన్ను చూడలే, నేను అత్తను చూడలే.
నా నోట్ల ఈల ఉంది.
దీనికి ఎన్నిసార్లు ఊదాలె?