చుట్టకుదురు

చీమకుర్తిలో మా లేతు మిషను కాడికి
ఒంగోలు నుంచి ఇంజినీరొచ్చి
ఫోన్లో ఒక కూలిన గుడి చూపించాడు.
"ఇట్టాంటియ్యే పన్నెండు కావాల మస్తానూ.
కర్నూలు రోడ్డులో ఫంక్షన్ హాలు,
శ్రావణం ముహూర్తాలకి నిలబడాల."

గ్రీసు దేశమంట.
కప్పు లేదు, గర్భగుళ్ళో దేవుడు లేడు.
స్తంభాలు మాత్రం
పని అయిపోయిందని ఎవరూ చెప్పని కూలోళ్ళలాగా
ఎండలో వరసగా నిలబడున్నాయి.

వాళ్ళది కొండ మీద గుడి.
మాది కొండ ఉన్న చోట గొయ్యి.
మెట్లు మెట్లుగా దిగతానే ఉంది,
అడుగున నీళ్ళు, నీళ్ళలో ఆకాశం ముక్క.

బొమ్మని వేళ్ళతో సాగదీసి చూశాను.
ముప్పై ఏళ్ళు రాయి తిప్పిన కన్ను, పట్టేసింది.
స్తంభం తిన్నగా లేదు.
నడుమ దగ్గర ఒక్క నూలు ఉబ్బు.
మూట ఎత్తబోయే ముందు మనిషి
గుండె నిండా గాలి పీల్చి బిగబడతాడే,
అట్టా.
రెండువేల ఐదువందల ఏళ్ళ కిందట ఎవడో
రాయికి ఊపిరి బిగబట్టడం నేర్పాడు.
అది ఇంకా వదల్లేదు.

ఇంజినీరుకి చెబితే నవ్వాడు.
"ఉబ్బూ గిబ్బూ వద్దు, నిలువుగా రానీ.
మోసేది లోపలి ఇనుమూ సిమెంటూ గదా,
మీ రాయి పైన తొడుక్కే."
నిజమే.
బంగారు రజను చల్లినట్టుండే మా నల్లరాయిని
తిప్పి, నునుపు చేసి, నిలువునా చీల్చి
చొక్కాలాగా తొడగాల.
మోయని దానికి ఊపిరెందుకు?

మధ్యాన్నం సంగటి కాడ
చెంచమ్మ ఫోన్లోకి తొంగిచూసింది.
ఆయన పంపిన బొమ్మల్లో ఇంకోటుంది.
ఆరుగురు ఆడోళ్ళు, రాతివాళ్ళు,
కప్పుని నెత్తిన పెట్టుకోని నిలబడున్నారు.
"చుట్టకుదురు పెట్టుకున్నారు చూడన్నా" అంది.
నేనది చెక్కుడు పని అనుకున్నాను.
పద్నాలుగేళ్ళు రాతిముక్కల గంప మోసిన నెత్తి,
అది చూసింది.
"చేతులు ఇరిగిపోయినయ్, పాపం.
ఆ మోకాలు చూడు, ఒకటి వంచింది.
బరువు కింద ఎవురూ రెండు కాళ్ళ మీద నిలబడరు.
చెక్కినోడి ఇంట్లో
నీళ్ళు మోసే ఆడమనిషి ఉండుంటది."

బొమ్మ కింద రాసింది మా పాప చదివి చెప్పింది.
ఆరుగురిలో ఒకతిని దొర ఒకడు
కోయించి ఓడెక్కించాడంట.
ఆ చోట ఇటికెల స్తంభం కట్టారంట.
మిగిలిన ఐదుగుర్నీ మొన్నమొన్న
అద్దాల మేడలో నీడపట్టుకి చేర్చారంట.
"ఎన్నేళ్ళు మోసినాక?" అంది చెంచమ్మ.
రెండువేల నాలుగువందలు.
"పర్లేదులే, మా పింఛను అంతకన్నా ముందే వస్తది."
కంచం కడుక్కొని పోయింది.
నాలుగడుగులేసి మళ్ళీ తిరిగింది.
"ఇటికెలు కట్టిందాకా
ఆమె బరువు ఎవురు మోశారంట?"

అది ఎక్కడా రాసి లేదు.

ఆషాఢంలో చెంచమ్మ మెడ పట్టేసింది.
ఎముక అరిగిందన్నాడు ఒంగోలు డాక్టరు,
మేం రాయి గురించి చెప్పినంత తేలిగ్గా.
ఆమె గంపని ఐదుగురు పంచుకున్నారు.
కాంట్రాక్టరు ఇటికెల స్తంభమైనా కట్టలేదు.

పదకొండు స్తంభాలు దారం పట్టినట్టు తిప్పాను.
పన్నెండోదాని దగ్గర
చెయ్యి ఎందుకో ఆగింది.
నడుమ దగ్గర ఒక్క నూలు వదిలేశాను.

హాలు తెరిచారు, పూలు చుట్టారు, లైట్లు కట్టారు.
ఇంజినీరు దాని పక్కనే నిలబడి ఫొటో దిగాడు.
ఎవరూ పట్టుకోలేదు.

కార్తీకంలో ఒక పెళ్ళికి పోతే
చెంచమ్మ కనపడింది, అక్కడే ఊడ్చే పని.
ఆ స్తంభానికి వీపు ఆనించి,
ఒక మోకాలు వంచి, నిలబడుంది.
నన్ను చూసి చెయ్యి పైకెత్తింది.
పలకరించడానికి కాదు,
అలవాటుగా, నెత్తి మీద
చుట్టకుదురు సర్దుకోడానికి.