మూడు టిక్కులు

ఆటోనగర్‌లో ఓ రోడ్డు చివర
లారీల వీపుల మీద తామరపూలు వేసేవాడు మా నాన్న.
క్యారేజీ ఇచ్చి తిరిగొచ్చేటప్పుడు
పక్క షెడ్డు ముందు నా చెప్పులు నెమ్మదించేవి.
లోపల ఇనుము తొక్క తీయించుకుంటూ ఉండేది,
బత్తాయి తొక్కలా ఒకటే పొడుగున,
నీలంగా, పొగలు కక్కుతూ.

జిలానీ మేస్త్రికి ఎడమ చెవి ఎప్పుడో పోయింది.
లేతు మీద అరచెయ్యి ఆనించి వినేవాడు.
మొదటిరోజు నా పేరడగలేదు.
"తలలోంచి ఒక వెంట్రుక పీకు" అన్నాడు.
దాన్ని మైక్రోమీటరు దవడల మధ్య పెట్టి
"తిప్పు. టిక్కుమంటది. మూడు టిక్కులు చాలు.
నాలుగోది పొగరు."

ఏడు పాయింట్లు.
నాది అనుకున్నది ఏదైనా కచ్చితంగా ఇంత అని
నాకు తెలియడం అదే మొదలు.
తొమ్మిదో తరగతి లెక్కల్లో ముప్పై ఒకటి తెచ్చుకున్న పిల్లని.

ఆ రోహిణి కార్తెలో, రేకుల కింద, దశాంశాలు వచ్చాయి నాకు.
చుక్క ఒక్క గడి పక్కకి జరిగితే
బెజవాడలో ఎక్కిన లోడు నందిగామ దాటదన్నాడు.
మొట్టలేదు. మెచ్చుకోనూ లేదు.
బాగుంటే "ఊఁ".
బాగోకపోతే అదే "ఊఁ", కాస్త పొడుగ్గా.
ఆ రెంటి మధ్య తేడా కొలిచే పనిముట్టు
ఇప్పటికీ ఏ కంపెనీ చెయ్యలేదు.

ఒకసారి అప్పుడే దించిన షాఫ్టు కొలిచి
సరిపోయిందని ఎగిరాను.
టీ తాగొచ్చేసరికి మూడు పాయింట్లు తక్కువ.
"వేడి మీద ఇనుము అబద్ధమాడుద్ది పాపా,
చల్లారాక అడుగు."
ఆ షాఫ్టు ఖరీదు ఆయన కూలీలోంచే కోశారట.
గుమాస్తా చెప్పాడు, ఆయన కాదు.

పదో తరగతి పరీక్షలైన మర్నాడు
కాజాల పొట్లం పట్టుకెళ్లాను.
తీసుకోలేదు.
"రేపట్నుంచి ఇటు రాకు" అన్నాడు,
అందరి ముందూ, లేతు ఆపకుండా.
బందరు కాలువ గట్టున కూర్చుని
పొట్లం మొత్తం ఒక్కదాన్నే తిన్నాను.
ఈనాటికీ కాజా అంటే నాకు వికారం.

ఆ వారమే నాన్న పాలిటెక్నిక్ ఫారం తెచ్చిచ్చాడు.
మూలన ఒక నల్లటి నూనె వేలిముద్ర.
నాన్న వేళ్లకు ఎప్పుడూ రంగే ఉంటుంది,
నూనె ఉండదు.
చూశాను. చూడనట్టు నింపాను.
మూడేళ్ల డిప్లొమాకీ
ఆ షెడ్డు మీద కోపమే నా కరెంటు.

ఇప్పుడు నాకు వర్క్‌షాపులో అరవై మంది.
నిరుడు కానూరు కుర్రాడొకడు, పేరు యోహోషువ,
అయిదు దాటినా లేతు వదలడు.
థియరీలో రెండు పేపర్లు పోయాయి.
ఆ మాట నా నోటి దాకా వచ్చింది.
ఒక టిక్కు. రెండు.
మింగేసి, కుర్చీ వేసి, అరగంట విడమరిచి చెప్పాను.
తలూపాడు. మర్నాడు మళ్లీ అయిదున్నరకి అక్కడే.
మేస్త్రి నాలుగు మాటల్లో చేసిన పని
నాకు అరగంటలో కాలేదు.
అయినా ఆయన చేసింది తప్పనే అంటాను.
కారణం ఒక్కటి చెప్పి ఉంటే ఏం పోయింది?

అది అడుగుదామనే, ఇరవై రెండేళ్లకి,
వించిపేట సందులో ఆయన గుమ్మం ఎక్కాను.
కుడి చెవీ పోయింది.
పేరు చెప్పాను. ఊరికే చూశాడు.
గట్టిగా అరిచాను. కోడలు బయటికొచ్చింది.
ఏం చెయ్యాలో తోచక
ఒక వెంట్రుక పీకి ఆయన అరచేతిలో పెట్టాను.
తెల్లది దొరికింది.

రెండు వేళ్ల మధ్య నలిపాడు, చాలాసేపు.
"ఊఁ" అన్నాడు.

పొట్టిదో, పొడుగుదో.
సందులో ఆటో ఒకటి హారను కొడుతూ పోయింది,
సరిగ్గా అప్పుడే.