నీలి గుడ్డ

పెట్టీరా, అంటాడు దానేసు.
సోంపేటలో పెళ్ళి ఫొటోలు తీస్తాడు వాడు,
తీసినదల్లా పెట్టేస్తాడు:
జీలకర్ర బెల్లం, ఎంగిలి విస్తళ్ళు,
తాళిబొట్టు మీద వాలిన ఈగ కూడా.
రాత్రి పదింటికి ఫోన్ చేసి
ఎన్ని గుండెలొచ్చాయో చెబుతాడు
చేపల రేటు చెప్పినట్టు.

నేనూ పెట్టకపోలేదు.
బారువ దగ్గర పొద్దుపొడుపు పెట్టాను.
రెండొందల మంది బాగుందన్నారు.
ఒకాయన, ఎవరో, ఏ ఊరో,
సముద్రం ఎడమకి ఒరిగింది మాస్టారూ
నీళ్ళు కారిపోతాయి, అన్నాడు.
పదిహేనేళ్ళుగా కెమెరా పడుతున్నా
నా కుడి భుజం కాస్త కిందికుంటుందని
ఆయన చెబితే తెలిసింది.
ఆ రోజు నుంచీ సముద్రాన్ని సరిగ్గా నిలబెడుతున్నాను.
అందుకని, పెట్టేవాళ్ళని నేనేమీ అనను.

పెట్టనివాళ్ళనీ అనను.
నౌపడ ఉప్పుమడుల వైపు పక్షుల్ని తీసే జోగారావు గారు
ఏ చెట్టో చచ్చినా చెప్పడు.
ఒకసారి చెప్పాడట.
ఆదివారానికి నాలుగు కార్లు, చెట్టుకింద బిర్యానీ పొట్లాలు,
గూటిలోంచి జారిపడ్డ పిల్ల ఒకటి.

నేను తవిటమ్మ చేతులు పెట్టాను.
కాశీబుగ్గ జీడి బట్టీలో
గింజ నూనెకి నల్లగా కాలి
గీతలన్నీ చెరిగి
వేలిముద్ర మిషను గుర్తుపట్టని చేతులు.
ఏ లెన్సు, అని పదిమంది అడిగారు.
వెలుతురు అద్భుతం అన్నారు.
ఎవరి చేతులని ఒక్కరూ అడగలేదు.
నేనూ రాయలేదు.

వారం తిరక్కుండా స్టూడియోకొచ్చింది
మనవడి ఫోన్ పట్టుకుని.
"ఇయ్యి నా సేతులే గదేటి?"
అవునన్నాను.
"ఎంతిచ్చినారేటి బాబూ నీకు?"
ఏమీ ఇవ్వరన్నాను.
"ఉత్తినేనా!"
కుర్చీలో కూలబడి నవ్వింది, దగ్గొచ్చేదాకా.
"అలగయితే మొకం కూడా తియ్యాల్సింది.
మొకానికి మాత్రం డబ్బులడుగుతానేటి?"
అప్పుడే తీశాను. ఆరు బై ఎనిమిది, మాట్ పేపరు.
కొంగులో చుట్టి పట్టుకెళ్ళింది.
అది నేనెక్కడా పెట్టలేదు.
ఆవిడెక్కడ పెట్టిందో తెలీదు.

ఇక నీలి గుడ్డ సంగతి.
పలాసలో కొన్నది, మీటరు లెక్కన.
ఒక మూల దోమలబత్తి తగిలి కాలింది.
ఉద్దానం ఊళ్ళన్నీ దాని ముందు కూర్చున్నాయి.
పింఛను కాగితానికి ఫొటో కావాలి.
రక్తం కడిగించుకుని తిన్నగా ఇటే వస్తారు
మోచేతి దగ్గర దూది పట్టీతో.
గడ్డం పైకి అంటే పైకెత్తుతారు.
కదలొద్దని చెప్పక్కర్లేదు.
నలభై రూపాయలకి ఎనిమిది కాపీలు.

కొన్నాళ్ళకి కొడుకో కూతురో వస్తారు.
అదే ఫొటో పెద్దది చెయ్యమంటారు,
నీలం తీసేసి వెనక మబ్బులెట్టమంటారు.
ఒక్కో అంచూ చెరుపుకుంటూ వస్తానా,
చెవుల దగ్గర కొంచెం నీలం
ఎంత తుడిచినా మిగిలిపోతుంది.

డిస్కులో ఏడాదికో ఫోల్డరు.
అన్నీ వరసపెట్టి చూశాడు దానేసు ఒకసారి.
వాడు, దానేసు, చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత, ఒరే, ఇది లోకం చూడాలిరా.
చూస్తే?
నీళ్ళో మందులో, ఏదో ఒకటి మారొచ్చు.
మారొచ్చు. కాదనడానికి నా దగ్గర మాట లేదు.
కానీ నేను చెబితే వాళ్ళు గడ్డం ఎత్తింది
పింఛను కోసం.

నిన్న రాత్రి ఒక్కటి ఎంచాను.
మందస నుంచొచ్చిన కూర్మయ్యది.
నొక్కబోయి ఆగాను.
పెద్ద ఆలోచనేం కాదు ఆపింది.
కాలరు ఒకపక్క లోపలికి మడతపడి ఉంది.
ఆ రోజు అడిగాడాయన,
"బాగున్నానా బాబూ?"
బయట ఇంకా పదకొండు మంది.
చూడకుండానే
బాగున్నారన్నాను.