మాన్పించడం

ఇంగ్లీషులో ఈ పనికి ఒక మాట ఉంది,
తెలుగులో పెడితే పాలు మాన్పించడం అవుతుంది.
మా పిన్ని వేపాకు నూరి రాసుకున్న సాయంత్రం
చంటాడు మొహం చిట్లించి, మళ్ళీ దగ్గరకొచ్చి, మళ్ళీ చిట్లించి
ఏడ్చి ఏడ్చి గుమ్మంలోనే నిద్రపోయాడు.
హల్ నగరంలో ముప్పై ఏళ్ళు నేను చేసింది అదే,
రాయడానికి వేపాకు లేకుండా.

డెరిక్ స్టాథర్స్, చేపల రేవులో వలలు అల్లినవాడు,
పదకొండు రోజులుగా వెంటిలేటర్ మీద.
ఇంకో మూడు రోజులు ఉంచాలని రాశాను,
గట్టిగా, సంతకం కింద గీత కూడా గీసి.
ఆ రాత్రి రెండున్నరకి
గొట్టాన్ని మొహానికి పట్టి ఉంచిన ముడిని ఆయనే విప్పుకున్నాడు.
ముడులు ఆయన పని కదా.
నేను పరిగెత్తాను. ఒక చెప్పు కారిడార్లోనే ఉండిపోయింది.
మళ్ళీ గొట్టం వేసే సరంజామా అంతా మంచం మీద పరిచేసరికి
ఆయన నన్ను ఎగాదిగా చూసి, గరగర గొంతుతో
టీ అడిగాడు. రెండు చెంచాల పంచదార.

తెల్లారేదాకా కుర్చీ వేసుకుని లెక్కపెట్టాను.
నిమిషానికి పద్ధెనిమిది. పంతొమ్మిది. మళ్ళీ పద్ధెనిమిది.
కిటికీ బయట హంబర్ మీద మంచు, లోపల ఒక ముసలి ఛాతీ,
ఎవరి సాయమూ అడగకుండా.
నేను రాసిన ఆ మూడు రోజులూ
ఎవరి లెక్కలోంచి తీసి ఇవ్వబోయానో!

నా పరిశోధన ఆ సిగ్గులోంచి పుట్టింది.
వ్యాసంలో అలా రాయనివ్వరు,
'అధ్యయన ఉద్దేశం' అని రాయిస్తారు.
నిధులిచ్చే పెద్దలు లండన్‌లో కళ్ళజోళ్ళు తీసి అడిగారు:
కొత్త మందేదీ లేదా? కొత్త పరికరం?
లేదన్నాను. రోజూ పొద్దున యంత్రాన్ని తగ్గించి
అరగంట చూడటం. నీ అంతట నువ్వు పీల్చగలవా అని అడగటం.
ఇంతేనా అన్నారు.
ఇంతే.

ఆరేళ్ళు పట్టింది ఆ ఇంతేకి.
సిస్టర్ మోరీన్ గ్లవ్ వెనక పెన్నుతో అంకెలు రాసేది,
ఒకసారి ఆ గ్లవ్ చెత్తబుట్టలో పడితే
ఇద్దరం మోకాళ్ళ మీద కూచుని వెతికాం.

ఊపిరి సలపని పని అంటాం మన భాషలో.
పరీక్షలు అయిపోతే, అప్పు తీరితే, ఊపిరి పీల్చుకున్నాం అంటాం.
కొన్నేళ్ళు ఆ మాటలు నా నోట రాలేదు.

ఐరిస్ పాడ్మోర్ అరగంటా హాయిగా దాటింది.
తీసేశాం. జుట్టు దువ్వమంది. దువ్వాను.
నలభై గంటలకి మళ్ళీ గొట్టం వేస్తుంటే నా చెయ్యి వణికింది.
తొమ్మిదో రోజు పోయింది.
పట్టికలో 'విఫలం' అన్న గడిలో ముప్పై ఒకటి ఉంటుంది.
అందులో ఏ ఒకటి ఆవిడో నాకు తెలుసు.
కూతురు మెట్ల దగ్గర ఆపి అడిగింది, తొందరపడ్డారా అని.
ఆ ప్రశ్నకి నా దగ్గర శాతం ఉంది.
జవాబు ఉందనుకుని నోరు తెరిచాను కూడా.

ఇప్పుడు యంత్రమే అడుగుతోంది.
తనే తగ్గుతుంది, తనే కొలుస్తుంది, పచ్చదీపం వెలిగిస్తుంది.
కోపం లేదు నాకు. నా పట్టికలు తిని పెరిగిందే అది.
అయినా ఈ వేళ, నా చివరి రౌండులో, ఆరో మంచం దగ్గర
పచ్చదీపం చూడకుండా
కుర్రాడి మెడ కింది గుంటను చూస్తూ నిలబడ్డాను,
ప్రతి పీల్పుకీ అది లోపలికి లాగుతోందా లేదా అని.
తీసేయమంటారా అన్నాడు డాక్టర్ ఫోలారిన్.
నువ్వు చెప్పు అన్నాను.
చేతులు రెండూ కోటు జేబుల్లో పెట్టుకున్నాను,
లేకపోతే అవి వెళ్ళిపోతాయి.

చాలాసేపు చూశాడు. బాగానే చూశాడు.
ముడి విప్పటం మొదలుపెట్టాడు.
నాకెందుకో నోరంతా చేదు.
కాంటీన్ టీ వల్ల కావచ్చు.