యారాడ కనుమ

ఘాట్ రోడ్డు మలుపులో కొండ సగం జారి
తారు మీద పడుకుంది.
మొన్నటి వాయుగుండం చేసిన పని.
"బస్సు ఎల్దు, దిగండి" అన్నాడు కండక్టరు,
చిల్లర సంగతి మాత్రం మరిచిపోయాడు.

దిగింది ఇద్దరమే.
నేనూ, గౌరునాయుడూ.
రెండేళ్ల నాలుగు నెలలుగా
షిప్‌యార్డులో ఒకే ఓడ పొట్టలో
చెరో కొసనుంచీ వెల్డింగు చేసుకుంటూ వచ్చి
అతుకు మధ్యలో కలిసినా
చూపు కలపని ఇద్దరం.

మా మధ్య ఒక సంచి.
సింహాద్రప్పడి లాకర్లో దొరికినవి:
టీ గ్లాసు, నల్లద్దాలు, అరిగిన సబ్బు,
చెవి దొరక్క మేమే బద్దలుకొట్టిన తాళం.
ఇవాళ అతని పెద్దకర్మ, కొండకి అవతల.
విస్తళ్లు వేసేలోగా అందాలి.

పాత కాలిదారి ఉంది, జీడితోటల మీంచి,
రోడ్డు పడకముందు చేపల తట్టలు ఎక్కి దిగినది.
నిచ్చెన తీసేసిన అటకలా ఉంది నిలువుగా.
ఆశ్వయుజం వెళ్లిపోతున్న ఎండ
తోమి బోర్లించిన కంచంలా మెరుస్తోంది.
రెల్లు తెల్లగా పూసింది.
తంగేడు ఎవర్నీ అడక్కుండా పసుపు రాసుకుంది.
వాన తాగిన ఎర్రమట్టి చెప్పు పట్టుకుని
వదలనంటోంది, అప్పులవాడిలా.
ఆ పోలిక తట్టగానే నాలిక కరుచుకున్నాను,
పైకి అనకపోయినా.

ఎనిమిది వేలు.
వాళ్ల చెల్లెలి ఆపరేషనుకి ఇచ్చాను.
ఇచ్చింది చాటుగా,
అడిగింది క్యాంటీన్లో, పన్నెండు మంది ముందు.
ఆ పన్నెండు మందీ ఇంకా మా మధ్యే కూచుని
టీ తాగుతున్నారు.

కొండకి ఇవేవీ పట్టవు.
దానికి మోకాళ్లు కావాలి.
సగం దూరానికే గుండె చెవుల్లోకి వచ్చింది.
కోపానికి కూడా కొంత ఊపిరి కావాలని
అప్పుడు తెలిసింది నాకు.
ఒక బండ దగ్గర గౌరునాయుడు ఆగాడు,
చెయ్యి చాపాడు.
సంచి ఇచ్చాను.
ఇంకొక బండ దగ్గర నేను ఆగాను.
ఇచ్చాడు.
సింహాద్రప్పడు బతికుండగా
ఎవరి బరువూ మోయించలేదు ఎవరిచేతా.

కనుమ మీద రెండు గాలులు.
వెనక్కి తిరిగితే హార్బరు: క్రేన్లు, ఇనపరజను,
వంతు రాని ఓడలు లంగరేసుకుని ఎదురుచూస్తూ.
మా యార్డు అరచేతికి సరిపోయేంత ఉంది.
అందులో ఇంతింత పగలు ఎక్కడ పట్టాయో.
ముందుకి చూస్తే ఉత్త సముద్రం.

గౌరునాయుడు తోవలో తుంచిన సీతాఫలం
మోకాలి మీద నొక్కి చీల్చాడు.
సగం నాకు.
బాగా పండలేదు, తొక్క దగ్గర గట్టిగా ఉంది.
గింజలు లోయలోకి ఉమ్ముతూ నిలబడ్డాం
ఎవరి గింజ దూరం పోతుందో చూసుకోనట్టే చూసుకుంటూ.
అతనిదే పోయింది.

ఎక్కడం కంటే దిగడం కష్టం.
రాళ్లు నాచుపట్టి ఉన్నాయి.
ముందు నడుస్తూ, వెనక్కి తిరక్కుండా
"ఆ ఎనిమిది వేలు..." అని మొదలెట్టాడు.
"అడుగు చూసి వెయ్యి" అన్నాను.
నిజానికి నేనన్నది కాలి సంగతే.
రెండడుగులు వేశాక
అతని భుజాలు ఊగడం మొదలయ్యాయి.
"చూసి... వెయ్యా?
మిగతా ఏడూ ఎవడిస్తాడ్రా?"
ఆ "రా" విని ఎన్నాళ్లయిందో.

నవ్వులో కాలు జారింది అతనికి.
కూలబడ్డాడు.
సంచి రాతికి తగిలి లోపల ఖంగుమంది.
ఇద్దరం ఒక్కసారే నోళ్లు మూశాం.
ముడి తడిసి బిగుసుకుంది,
పళ్లతో లాగాను,
అతను చెయ్యి పెట్టి వెతికాడు
తాళం కింద, అద్దాల కింద.
గ్లాసు పైకి తీసి, ఎండకి ఎత్తి, చుట్టూ తిప్పాడు.
బీట లేదు.
అడుగున ఎండిపోయిన టీ మరక.

కింద, ఇసకకి ఇవతల
నీలం షామియానా కనబడుతోంది,
గోరంత.