గోడవైపు రెక్క

గోతెన్‌బర్గ్. మూడో అంతస్తు. ఒంటిగది.
మడిస్తే జానెడే ఆ బర్చ్ బల్ల.
కిటికీవైపు రెక్క ఒక్కటే లేపుతుంది ఇంగెయెర్డ్:
ఒక కప్పు, ఒక పళ్ళెం, కరెంటు బిల్లు.
గోడవైపుది పదకొండేళ్ళుగా దించే ఉంది.

చోటు కలిసొస్తుందని కొన్నది.
కలిసొచ్చిన చోట్లో ఏం పెట్టుకోవాలో
అమ్మినవాళ్ళు చెప్పలేదు.

ఆగస్టు రాత్రి పైవాటావాళ్ళు దిగొచ్చారు,
వాళ్ళింట్లో గోడలకు తడిరంగు.
ట్రాము నడిపే తూరె, చేతిలో
సోయికూరతో ఉడికించిన ఎర్ర రొయ్యల గిన్నె,
వెనక కూతురు:
"మీ బల్ల పెరుగుతుందా?"

ఈడ్చింది. లోపలికాలు తిప్పింది.
కీలు కుయ్యోమంది.
లేచిన రెక్క ఇంకా కొత్త తేనెరంగు;
రెండూ కలిస్తే అతుకుబొంత.

పిల్ల మోచెయ్యి తగిలి రసం ఒలికింది.
తూరె గుడ్డకోసం లేచాడు.
"ఉండనీ," అంది ఇంగెయెర్డ్,
"కాసేపు ఇంకనీ."